చార్లీ పార్కర్ ఊరిలో రెండు రాత్రులు

కాన్సస్ సిటీకి మేము ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ కోసమే వెళ్ళాము; అయినా ఆ ఊరి పేరు వినగానే నాకు ముందు గుర్తుకు వచ్చేది డౌన్‌టౌన్‌లో మేము దిగిన హోటల్ బిల్లు. ఆన్‌లైన్‌లో రాత్రికి 94 డాలర్లని చూపిన గదికి కౌంటర్ దగ్గర పార్కింగు కింద 26, సౌకర్యాల రుసుము పేరిట 18 డాలర్లు కలిపారు. ఏ సౌకర్యాలని అడిగితే ఈతకొలను అన్నారు. కొలను మరమ్మతులో ఉందన్న కాగితం ఆ గుమాస్తా వెనుక గోడకే అంటించి ఉంది. మా ఆవిడ దానిని వేలితో చూపించినా ఫలితం లేకపోయింది. ఓవర్‌లాండ్ పార్కు అనే శివారు పట్టణంలోని మేనల్లుడి ఇంట్లో దిగుదామని తాను చెప్పిన మాటను ఆమె ఆ తరువాత ఎన్నిసార్లు గుర్తుచేసిందో లెక్కపెట్టలేదు.

ఊరిలో ట్రామ్ ఉచితమే గాని, అది 18వ వీధి, వైన్ వీధి కూడలిలోని అమెరికన్ జాజ్ మ్యూజియం వరకు పోదు. తలకు 10 డాలర్ల టిక్కెట్టు మాత్రం దండుగ కాదు. 1953 మే 15న టొరాంటో మాసీ హాలులో పార్కర్ ఊదిన తెల్లని ప్లాస్టిక్ శాక్సఫోన్ అక్కడే ఉంది. 1994లో లండన్ వేలంలో దానిని 93,500 పౌండ్లకు ఈ నగరం కొన్నది. "పిల్లల బొమ్మలా ఉందండీ" అన్న మా ఆవిడకు ఈ ఊరి రెనో క్లబ్బు కథ చెప్పాను. 1936లో, పదహారేళ్ళు నిండని పార్కర్ అక్కడ వాయిస్తూ దారి తప్పితే, డ్రమ్మర్ జో జోన్స్ సింబల్ పళ్ళాన్ని అతని కాళ్ళ దగ్గరకు విసిరి అవమానించాడు. మరుసటి ఏటి వేసవి అంతా ఆ కుర్రవాడు ఓజార్క్ కొండల్లో సాధన చేసి, వేరే మనిషై తిరిగివచ్చాడు. ఆమె ఆ గాజుపెట్టె దగ్గరకు మళ్ళీ వెళ్ళి చూసింది.

పార్కర్ సమాధి ఉన్న లింకన్ శ్మశానవాటికకు సొంత కారు లేనివారు వెళ్ళకపోవడమే మేలు. మేమున్నంతసేపూ అక్కడికి మరొకరు రాలేదు. పార్కర్ 1955 మార్చి 12న న్యూయార్కు హోటల్ గదిలో 34 ఏళ్ళకే పోతే, శవాన్ని చూసిన వైద్యుడు యాభై దాటినవాడనుకున్నాడు. ఈ ఊరిలో తనను పాతిపెట్టవద్దని సహచరి చాన్‌తో అన్నవాడిని ఇక్కడికే తెచ్చారు, తరువాత తల్లి ఆడీ కూడా పక్కకు చేరింది. అది చాలదన్నట్లు రాతిమీద ఆల్టోకు బదులు, అంతకన్నా పెద్దదైన టెనర్ శాక్సఫోన్ చెక్కారు. ఆల్టోతోనే పేరు తెచ్చుకున్న మనిషికి ఇది తగదు.

శనివారం అర్ధరాత్రి ఒంటిగంట దాటాక సంగీతకారుల సంఘమైన మ్యూచువల్ మ్యుజీషియన్స్ ఫౌండేషన్‌లో మొదలయ్యే, అప్పటికప్పుడు కలిసి వాయించుకునే జామ్‌కు మేనల్లుడు తీసుకువెళ్ళాడు. సణుగుతూ బయలుదేరిన మా ఆవిడ అక్కడ తొడమీద తాళం వేస్తూ కూర్చున్నది. గదికి చేరేసరికి నాలుగున్నర అయింది. ఆ రాత్రి 138 డాలర్లకు మేము పడుకున్నది మూడు గంటలు.