ఉప్పుగాలిలో బ్యాటరీ పేషెంట్ లిఫ్టు: బలం బాగుంది, కాంటాక్టులే బలహీనం

లేవలేని రోగిని ఎత్తి దించే, 150 కిలోల దాకా మోసే 24 వోల్టుల లిఫ్టు ఇది. స్తంభానికి యాక్చుయేటర్ (ఎత్తి దించే మోటారు కడ్డీ), పక్కనే కంట్రోల్ బాక్సు, దానికి తగిలించే బ్యాటరీ పెట్టె. ఎత్తడంలో వంక పెట్టడానికి లేదు. కుదుపు లేకుండా లేపుతుంది, మెల్లగా దించుతుంది. అయితే విశాఖలో, అందులోనూ పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో వాడేవాళ్లకు దీని కరెంటు సంగతులు ముందే తెలిసుండాలి.

ఉప్పుగాలికి బ్యాటరీ పెట్టె వెనకున్న కాంటాక్టు రేకులకు పచ్చగా చిలుము పడుతుంది. బరువు పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ చిలుము దగ్గరే వోల్టేజీ పడిపోతుంది. అందుకే ఖాళీ లిఫ్టు చక్కగా లేచి, మనిషిని కూర్చోబెట్టగానే ఆగిపోతుంది. మోటారు పోయిందనుకుని యాక్చుయేటర్ మార్పించడానికి తొందరపడకండి. బ్యాటరీ తీసి, రేకులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి ఆరనివ్వండి. గరుకు కాగితం వద్దు, పైపూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది.

మనిషి గాల్లో ఉండగా ఆగితే ముందు చేత్తో దించే మీటతో కిందికి దించాలి, పరీక్షలన్నీ ఆ తర్వాతే. బరువుతో చూడాలంటే రెండు 25 కిలోల బియ్యం బస్తాలు చాలు.

అసలు కదలకపోతే అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ తిప్పి వదిలారా, చార్జర్ పిన్ తీశారా చూడండి. చార్జింగులో ఉండగా ఇది పనిచేయదు. తర్వాత మల్టీమీటర్‌తో వోల్టులు కొలవండి. లోపల రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. నిండా చార్జై కొన్ని గంటలు ఊరుకున్నాక మొత్తం 25.4 నుంచి 26 వోల్టుల మధ్య రావాలి. బస్తాలు ఎత్తేటప్పుడు 22 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ అరిగినట్టే. ఒకటి 12.8, రెండోది 10.5 చూపిస్తే రెండో దాంట్లో ఒక సెల్ పోయింది. మార్చేటప్పుడు మాత్రం జంటగానే మార్చాలి, పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. చార్జర్‌ను బ్యాటరీకి తగిలించే కొలవండి, కొన్ని చార్జర్లు విడిగా ఏమీ చూపవు. కొన్ని గంటల్లో 27 దాటాలి.

కిందికి దిగుతూ పైకి లేవకపోతే, బరువు పరిమితిలోనే ఉంటే, అనుమానం రిమోట్ మీదే. దాని చుట్టల తీగ ప్లగ్గు మెడ దగ్గర లోపల తెగుతుంది. బటన్ నొక్కి ఆ చోట అటూ ఇటూ వంచితే దొరికిపోతుంది. బటన్ నొక్కినప్పుడు బాక్సులో రిలే (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) టిక్కుమని మోటారు తిరగకపోతే, నొక్కి ఉంచి మోటారు ప్లగ్గు దగ్గర కొలవండి. 24 దరిదాపుల్లో వస్తే లోపం యాక్చుయేటర్‌ది, రాకపోతే బాక్సుది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయాలి. దాని బదులు తీగ చుట్టడం ప్రాణాలతో చెలగాటం.

వరసగా ఎత్తి దించితే వేడెక్కి ఆగడం లోపం కాదు. 2 నిమిషాలు నడిస్తే 18 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి.

మాన్యువల్లో ఈ కొలతలు ఒక్కటీ లేకపోవడం పెద్ద లోటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బ్యాటరీ అయిపోతే చేతి మీట దించుతుందే గాని ఎత్తదు. సర్జికల్ షాపులో డబ్బు కట్టేముందు రెండో బ్యాటరీ పెట్టె, రిమోట్ విడిగా ఇస్తారో లేదో తేల్చుకోండి. “ఇవ్వం” అంటే ఈ లిఫ్టు తీసుకోకండి.