ఎక్‌మన్ గ్రాబ్: మెత్తటి బురదకైతే నిశ్చింతగా కొనొచ్చు

చెరువు అడుగు మట్టిలో లోహాలు పరీక్షించేవారికి 15×15 సెంటీమీటర్ల చిన్న ఎక్‌మన్ గ్రాబ్ (అడుగు మట్టిని రెండు దవడలతో పట్టి పైకి తెచ్చే పెట్టె) మంచి పనిముట్టు. తాడు వెంట జార్చిన బరువు తగలగానే స్ప్రింగులు దవడలను మూసేస్తాయి. వేళ్లు జాగ్రత్త, ఆ స్ప్రింగులు గట్టివి.

పుల్లో గులకరాయో ఇరుక్కుంటే మాత్రం దవడ పూర్తిగా మూసుకోదు, పైకి లాగేలోపు సన్నటి బురదంతా కారిపోతుంది. లోహాలు ఎక్కువగా పట్టుకునుండేది ఆ సన్నటి మట్టే. అలాంటి నమూనా పారబోసి మళ్లీ వేయాల్సిందే.

ఒళ్లంతా స్టీలు కాబట్టి, అందులోని క్రోమియం, నికెల్ మట్టికి అంటి వాటి లెక్క తప్పొచ్చు. అంచులకు తగిలిన మట్టి వదిలేసి, పై మూత తెరిచి, మధ్యలోంచి పై 5 సెంటీమీటర్లు ప్లాస్టిక్ చెంచాతో తీయండి. ఆమ్లంతో కడిగిన పాలిథీన్ డబ్బాలో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. పాదరసానికైతే గాజు సీసా.

పై పొర మీద ఇంత పట్టుదల ఎందుకంటే, పక్షుల నోట్లోకి వెళ్లేది అదే. అమెరికాలో ఇడాహో రాష్ట్రపు కోర్ డలేన్ లోయలో గనుల సీసం బురదలో పేరుకుంది. దుంపలు తవ్వుకు తినే టండ్రా హంసలు ఆ బురద మింగి చనిపోయాయి. అక్కడ నీటిపక్షులకు హాని మొదలయ్యే స్థాయిని పొడి మట్టి కిలోకు 530 మిల్లీగ్రాముల సీసంగా లెక్కగట్టారు.

గట్టి ఇసుక అడుగుకు ఇది కొనొద్దు. బరువెక్కువైనా పోనార్ గ్రాబే తీసుకోండి.