ట్రిపుల్ ఐటీనా, ఇంటరూ ఎంసెట్టూనా?

సర్కారు బడిలో తెలుగు మీడియంలో పది పాసైన పిల్లకి నేనైతే ట్రిపుల్ ఐటీకే ఓటేస్తా. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఆర్జీయూకేటీ (ఈ ట్రిపుల్ ఐటీల యూనివర్సిటీ) సీటు పది మార్కుల మీదే ఇస్తారు, సర్కారు బడి పిల్లలకి అదనపు మార్కులు కలుపుతారు, ఎంట్రన్సూ కోచింగ్ ఖర్చూ ఉండవు. ఆరేళ్ల ఇంజినీరింగ్ కోర్సు. మొదటి రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం) కాబట్టి ఇంగ్లీషుకి అలవాటు పడే టైం దొరుకుతుంది. పదిహేనేళ్లకే ఇల్లు వదలాలి, అదొక్కటే బెంగ (మెస్ గొడవలు ఎలాగూ ఉంటాయి).

ఇంటర్ దారిలో ఆ టైం దొరకదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా అంటారు, కానీ తెలంగాణలో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు పదివేలు దాటిన చాలామంది బీసీ పిల్లలకి వచ్చేది 35 వేలే, మిగతాది ఇంట్లోవాళ్లే కట్టాలి. మా చెల్లి కాలేజీలో రీయింబర్స్‌మెంట్ రాలేదని టీసీ ఆపేస్తే నాన్న అప్పు చేసి తెచ్చాడు. ఫస్టియర్ మొదటి మిడ్ పరీక్షలో చెల్లికి మ్యాథ్స్‌లో లెక్క తెలుసు, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నే అర్థం కాలేదు. కాకపోతే బ్రాంచీ, కాలేజీ ఎంచుకునే వీలు మాత్రం ఇంటర్ దారిలోనే ఎక్కువ.