పైన అంతస్తా, పక్కన బ్లాకా?

విజయనగరం చుట్టుపక్కల ఎంబీఏ కాలేజీలవాళ్లు ఎక్కడ కనిపించినా నన్ను అడిగేది ఒకటే. "సార్, సీట్లు పెరిగాయి. పైన ఇంకో అంతస్తు వేసేద్దామా, పక్కన బ్లాకు కడదామా?"

పైన వేస్తే జాగా కలిసొస్తుంది. పై అంతస్తు కోసం స్తంభాల మీద చువ్వలు ఎలాగూ వదిలేశాం కదా అంటారు. ఆ చువ్వలే నా భయం. ఏళ్ల తరబడి మన ఉప్పుగాలికి నానినవాటిని గీకితే తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఫుటింగు, అంటే స్తంభాల కింది పునాది, ఎన్ని అంతస్తులకు వేశారో చెప్పే డ్రాయింగు అడిగితే బీరువాలన్నీ వెతుకుతారు. చివరికి మేస్త్రీ మాటే దిక్కు.

పక్కన బ్లాకుకి ఖర్చెక్కువ. పాత పునాదిని ఆనుకుని తవ్వకూడదు, కొత్తది బరువుకి నేలలోకి కాస్త దిగేటప్పుడు పాతదాన్ని లాగకుండా మధ్యలో జాయింటు, అంటే సన్నటి ఖాళీ, వదలాలి. అయినా నా ఓటు దీనికే, రెంటినీ కలిపే నడవ ఉంటే.

బెంగళూరు ఐఐఎంని ఆర్కిటెక్టు బి.వి. దోషి నడవల చుట్టూ అల్లారు. అక్బరు కట్టించిన ఫతేపూర్ సిక్రీ ఆయన మనసులో ఉందట. రాతి గోడలు, సగం నీడ, సగం ఆకాశం. అలాంటి నడవని ఇంకాస్త పొడిగించి నాలుగు గదులు చేర్చినా అతుకు తెలీదు. అహ్మదాబాదు ఐఐఎంని అమెరికా ఆర్కిటెక్టు లూయీ కాన్ ఇటుకల్లో కట్టింది గొప్ప పనే, కాదనను. కానీ అది పూర్తయిపోయిన శిల్పం. పెరగాల్సొచ్చినప్పుడు రోడ్డవతల కొత్త క్యాంపస్ కట్టి, రోడ్డు కింద నుంచి దారి వేశారు. 2020 డిసెంబరులో 18 పాత డార్మిటరీల్లో 14 కూల్చి కొత్తవి కడతామంటే గగ్గోలు లేచి, జనవరి 1కల్లా వెనక్కి తగ్గారు.

నడవ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకచోట నేనే అది లేకుండా బ్లాకు కట్టించాను. వానాకాలంలో పిల్లలు నెత్తిన బ్యాగులు పెట్టుకుని పరుగు. తర్వాత మధ్యలో రేకులు వేయించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వాటిని చెరువులో పడేసింది.

ఊరవతల కొత్త క్యాంపస్ మాటా? విశాఖ ఐఐఎం 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలై, గంభీరంలో సొంత భవనాల ప్రారంభం చూసేసరికి 2024 వచ్చింది. అది కేంద్రం సొమ్ము. మన ట్రస్టులకి పొసగదు.

డ్రాయింగు దొరికి, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం పెడితే పైన వేసుకోండి. వేసవి సెలవుల్లోనే స్లాబు పడాలి. నెత్తిమీద డ్రిల్లింగు మోతలో బ్యాలెన్స్ షీటు ఎవడికీ ఎక్కదు.