జాగ్రత్త: ఫొటో చూసి బడికి ‘ఫ్లెక్సిబుల్ సీటింగ్ సెట్’ ఆర్డర్ పెట్టకండి

హనుమకొండ, కాజీపేట, నర్సంపేట, పరకాల వైపు ప్రైమరీ బడులు నడిపే సార్లు, మేడమ్‌లు, బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు పైసలు కట్టే ముందు ఇది చదవండి. బీన్ బ్యాగులు, ఊగే స్టూళ్లు, కూర్చునే బంతులు, ఫోమ్ కుషన్లు, పొట్టి బల్లలు అన్నీ కలిపి ‘సెట్’ అని ఒకే రేటుకు అంటగడుతున్నారు. బిల్లులో కొలత ఉండదు, బరువు ఉండదు, ఏ తరగతికో ఉండదు. సగం పైసలు ముందే తీసుకుంటారు. వచ్చిన సరుకు పైకి ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది, తేడా అంతా లోపల.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఎత్తులో. సెట్‌లో స్టూళ్లన్నీ తరచుగా 45 సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్ల కుర్చీ ఎత్తు. ఐరోపాలో బడి ఫర్నిచర్‌కు వాడే ఈఎన్ 1729 కొలతల ప్రకారం 108 నుంచి 121 సెంటీమీటర్ల పొడవున్న పిల్లలకు సీటు 31 సెంటీమీటర్లే ఉండాలి. 119 నుంచి 142 వాళ్లకు 35, 133 నుంచి 159 వాళ్లకు 38. ఐదో తరగతి పిల్లలకే ఎక్కువైన స్టూలు ఒకటో తరగతికి ఎట్లా పనికొస్తుంది? పాదాలు నేలకు ఆనకపోతే తొడల కింద ఒత్తిడి పడుతుంది, బిడ్డ ముందుకు జారుతుంది, రాత వంకర పోతుంది. ఊగే స్టూలైతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే దాన్ని నిలిపేది పిల్లల పాదాలే. చెప్పులు విప్పించి, నేల నుంచి మోకాలి వెనక మడత వరకు టేపు పెట్టి కొలవండి. సీటు అంత ఎత్తే ఉండాలి, లేదా ఒక సెంటీమీటరు తక్కువ. తరగతికి ఒక పొట్టి బిడ్డను, ఒక మధ్యరకం బిడ్డను, ఒక పొడుగు బిడ్డను కొలిస్తే ఏ సైజులు కావాలో తేలిపోతుంది.

బీన్ బ్యాగుల దగ్గర మాత్రం ఏమాత్రం రాజీ పడొద్దు. లోపల ఉండాల్సింది గుండ్రటి కొత్త థర్మోకోల్ గింజలు. చౌక సంచుల్లో టీవీ, ఫ్రిజ్ డబ్బాల్లో వచ్చే పాత థర్మోకోల్‌ను మర పట్టించి నింపుతారు. గుప్పెడు తీసి చూడండి: కొత్త గింజను వేళ్ల మధ్య నొక్కి వదిలితే మళ్లీ ఉబ్బుతుంది, మర పట్టినది అంచులు విరిగి పిండి రాలుతుంది. ఆ సంచి కొన్ని నెలలకే చప్పబడి, బిడ్డ నేల మీదే కూర్చున్నట్టు అవుతుంది. కానీ అసలు భయం జిప్పు గురించి. అమెరికాలో ఇద్దరు పిల్లలు బీన్ బ్యాగ్ జిప్పు తీసి లోపలికి దూరి, గింజలు పీల్చి, ఊపిరాడక చనిపోయాక 2014లో దాదాపు 22 లక్షల సంచులను వెనక్కి పిలిపించారు. జిప్పుకు పట్టుకుని లాగే నాలుక ఉండకూడదు, పేపర్ క్లిప్పు దూర్చితే తప్ప తెరుచుకోకూడదు. గింజలు లోపల వేరే సంచిలో ఉండాలి, పై కవరు వేరుగా ఊడిరావాలి. వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకున్నా తిప్పి పంపండి. ఇంకొక మాట: వరంగల్ మార్చి, ఏప్రిల్ ఎండల్లో రెగ్జిన్ కవరు చెమటకు వంటికి అంటుకుంటుంది, సెలవుల్లో మేడ మీది గదిలో పెడితే పగుళ్లు పడుతుంది. మందపాటి నూలు కవరు అడగండి, వారానికోసారి ఉతకొచ్చు.

బంతుల్లో 45 సెంటీమీటర్లది, స్టూలులా కాకుండా కూర్చుంటే కిందికి అణుగుతుంది కాబట్టి, నాలుగు, ఐదు తరగతులకే సరిపోతుంది. పేలకుండా మెల్లగా గాలి దిగే రకమని బంతి మీదే ముద్ర ఉండాలి. లేనిది పెన్సిల్ మొన తగిలితే ఒక్కసారిగా పగులుతుంది, బిడ్డ నడుము నేలకు కొట్టుకుంటుంది. గాలి ఒకేసారి నిండుగా కొట్టొద్దు. ముప్పావు వంతు కొట్టి ఒక రోజు వదిలేసి, మర్నాడు నింపండి.

ఊగే స్టూలు అడుగున రబ్బరు రింగు జిగురుతో అంటించి ఉంటే నున్నటి టైల్స్ మీద త్వరగా లేచిపోతుంది, ఆ తర్వాత స్టూలు జారడం మొదలవుతుంది. స్క్రూలతో బిగించిందో, అచ్చులోనే కలిపి పోసిందో తీసుకోండి.

ఫోమ్‌లో మోసాన్ని కాటా మీద పట్టుకోవచ్చు. 40 డెన్సిటీ అంటే ఘనమీటరుకు 40 కిలోలు. 40 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క 320 గ్రాములు తూగాలి. 160 తూగితే అది 20 డెన్సిటీ, ఏడాది తిరగకముందే అప్పడమవుతుంది. కవరు తీసి ఫోమ్ ఒక్కటే తూచండి.

పొట్టి బల్లలు పార్టికల్ బోర్డువి అసలే వద్దు. తడిగుడ్డతో తుడిచే గదిలో అంచులు ఉబ్బుతాయి, స్క్రూలు పట్టు వదులుతాయి, వానాకాలంలో చెదలు కూడా.

మాట వరసకు కాదు, నిజంగానే చెబుతున్నాం: తరగతి మొత్తానికి ఇవి కొనక్కర్లేదు. ముప్పై మంది ఉంటే ఎనిమిది, పది వేరే రకం చోట్లు చాలు, వంతుల వారీగా కూర్చుంటారు. డ్యూయల్ డెస్కులను (ఇద్దరు కూర్చునే బెంచీ బల్లలను) పాత సామాన్లకు వేయకండి, రాత పనికి అవే మేలు. బీన్ బ్యాగు చదవడానికే, దాని మీద రాయించొద్దు. కింద కూర్చోబెట్టడానికి మన కొత్తవాడ జంపఖానాల కన్నా గట్టివి ఏ సెట్‌లోనూ లేవు. ఈ జంపఖానాలకు ‘వరంగల్ డర్రీలు’ అనే పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మందపాటి నూలు జంపఖానా, ముందు ఒక పొట్టి ప్లైవుడ్ బల్ల ఉంటే చాలు, సగం తరగతికి చోటు దొరుకుతుంది.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు మిగతా పైసలు ఆపి, ప్రతి రకానికీ సీటు ఎత్తు, ఫోమ్ డెన్సిటీ, గింజల రకం, జిప్పు రకం రాసిన బిల్లు బడి పేరు మీద అడగండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, కాటా, టేపు అందులో కనబడాలి. తేడా వస్తే ఫోన్‌లో మాట్లాడి వదిలేయకుండా రాతపూర్వకంగా పంపి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.