కరిచే కుక్క కోసం ఇంటికొచ్చే బిహేవియర్ కన్సల్టెంట్: మా అనుభవం, మల్కాజ్‌గిరి

ముందు ఫీజు సంగతి చెప్తాను, నేనైతే ఏ రివ్యూలోనైనా మొదట వెతికేది అదే. ఇంటికొచ్చి చూసే మొదటి సెషన్‌కి 3,000, తర్వాత ఒక్కోదానికి 1,500. కుక్క కోసం ఇంత ఖర్చా అని మా అత్తయ్య ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం దండగ అనిపించలేదు. ఎందుకో చెప్తాను.

మా పండు ల్యాబ్రడార్, ఆరేళ్లవాడు. సంక్రాంతికి మరిది వాళ్లు వచ్చినప్పుడు దివాన్ కిందికి దొర్లిన బంతి కోసం వాళ్ల బాబు చెయ్యి పెట్టాడు. పండు అక్కడే పడుకుని ఉన్నాడు. గుర్రుమనలేదు, మొరగలేదు, ఒక్కసారిగా పట్టేశాడు. బొటనవేలి కింద రెండు గాట్లు, రక్తం. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి కుక్కకాటుకి టీకాలు వేసే నారాయణగూడ ప్రభుత్వ సంస్థ ఐపీఎంకి పరిగెత్తాం. మా కుక్కకి టీకాలు వేయించాం కదా అని అక్కడ కార్డు తీసి చూపించబోయాం. అయినా పళ్లు దిగి రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే మందు), చేతికి 0, 3, 7, 28 రోజుల రేబిస్ టీకా సూదులు తప్పవన్నారు. కుక్కని పది రోజులు కట్టేసి గమనించమన్నారు.

ఆ పది రోజులూ ఇంట్లో పంచాయితీయే. పిల్లాడు ఆ సూదులకి ఏడుస్తుంటే ఎవరికి మాత్రం కోపం రాదు? మరిది అయితే పండుకి ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇప్పించెయ్యమన్నాడు. మా ఆయన ఘట్‌కేసర్ దగ్గర స్నేహితుడి ఫామ్‌హౌస్‌లో వదిలేద్దాం అన్నాడు. ఎదురింటాయన ఔటర్ రింగ్ రోడ్డు దాటించి దించి రమ్మని సలహా ఇచ్చాడు. పెంచుకున్న జంతువుని తిండీ నీళ్లూ లేనిచోట అలా వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమని ఆయనకి తెలియదనుకుంటా.

అప్పుడు ఒక కొలీగ్ ద్వారా కుక్కల ప్రవర్తన చూసే ఈ కన్సల్టెంట్ మేడమ్ నంబర్ దొరికింది. ఫోన్‌లో ఆవిడ మొదటి మాట: ముందు డాక్టర్‌కి చూపించండి, ఆ రిపోర్టు పంపాకే వస్తాను. మామూలుగా ప్రశాంతంగా ఉండే కుక్క ఉన్నట్టుండి కరిస్తే ఎక్కడైనా నొప్పి ఉందేమో ముందు చూడాలట. చూపిస్తే ఎడమ చెవి లోపల ఇన్ఫెక్షన్! చెవి మడత ఎత్తగానే పుల్లటి కంపు. వేలాడే చెవులున్న జాతులకి ఇది మామూలే అన్నాడు డాక్టర్. బాబు చెయ్యి తగిలింది సరిగ్గా ఆ చెవికే.

మేడమ్ వచ్చినప్పుడు పండుని ముట్టుకోలేదు, పేరు పెట్టి పిలవలేదు, కళ్లలోకి చూడలేదు. కుర్చీలో పక్కకి తిరిగి కూర్చుని గంటసేపు మమ్మల్నే ప్రశ్నలడిగింది. ఇదివరకు ఎవరి మీదికైనా వెళ్లాడా? ఎప్పుడు, ఎక్కడ, పళ్లు తగిలాయా, దిగాయా? ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాటుని ఆరు మెట్లుగా విడగొట్టాడట. గాల్లో పళ్లు కొరికితే ఒకటో మెట్టు, మనిషి ప్రాణం పోతే ఆరు. పండుది మూడు: ఒకే కాటు, లోతు కోరపంటిలో సగానికి మించలేదు. నాలుగూ ఆపైన అయితే నా మాటలు వేరేగా ఉండేవి అని ఆవిడ ముఖం మీదే చెప్పింది.

తర్వాత అడిగింది, కరిచేముందు గుర్రుమనేవాడు కదా, ఎప్పుడు మానేశాడు? మేం మొహమొహాలు చూసుకున్నాం. రెండేళ్ల కిందట గ్యాస్ సిలిండర్ అబ్బాయి మీద గుర్రుమంటున్నాడని మా ఆయన ఒక బోర్డింగ్ ట్రైనింగ్ చోట నెల రోజులు పెట్టారు. పేరు చెప్పను. మెడకి బిగిసే గొలుసు వేసి, గుర్రుమన్నప్పుడల్లా లాగేవాళ్లట. నోరెత్తని కుక్కని మాకు అప్పగించారు, మేం సంతోషించాం. మేడమ్ చెప్పిందేమిటంటే, వాళ్లు తీసేసింది కోపాన్ని కాదు, హెచ్చరికని. ఇప్పుడు పండు ఏ సైగా లేకుండా నేరుగా కాటుకే వెళ్తున్నాడు. ఈ ఒక్క విషయానికే నా 3,000 చెల్లిపోయాయి.

నేను మెచ్చుకునేది ఇంకోటి, ఉంచుకోండి అనో వదిలించుకోండి అనో ఆవిడ తీర్పు చెప్పలేదు. ఫామ్‌హౌస్ మాట వచ్చినప్పుడు ఒక్కటే అడిగింది, అక్కడ వాచ్‌మన్ కుటుంబం ఉంటుందా, వాళ్లకి పిల్లలున్నారా? ఉన్నారు, ఇద్దరు. మా ఆయన ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. కుక్కని వేరేవాళ్లకి ఇవ్వాలంటే కాటు సంగతి దాచకుండా చెప్పే ఇవ్వాలంది. ప్రమాదమని తెలిసీ జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, 5,000 దాకా జరిమానానో, రెండూనో పడొచ్చని కూడా చెప్పింది. తర్వాత, మీ ఇంట్లో తలుపు వెయ్యడం మర్చిపోయేది ఎవరు అని అడిగితే అందరం మా ఆయన వైపే చూశాం. ఉంచుకుంటే ఆయనకి చేతకాని పనుల మీద ఆధారపడకూడదు కాబట్టి, వెనక గదికి తనంతట తనే మూసుకునే గేటు పెట్టించాం. రోజూ ఇంట్లో తిరిగే చిన్నపిల్లలు ఉంటే గేటు సరిపోదు, అప్పుడు కుక్కకి వేరే ఇల్లు చూడాల్సిందే అంది. మళ్లీ కరిస్తే, అదీ లోతుగా దిగితే, ఇంజెక్షన్ మాట డాక్టర్‌తో మాట్లాడక తప్పదని కూడా అంది. వినడానికి కష్టంగా ఉన్నా ఆ గీత ఎక్కడుందో తెలిసింది.

మూతికి బుట్టలా ఉండే మజిల్ కొనమంది. గుడ్డతో బిగించేది వద్దు, నోరు తెరిచి వగర్చలేకపోతే మన ఎండలకి వడదెబ్బ తగులుతుంది. అందులో అడుగున పెరుగు పూసి, మూతి దానంతట అదే పెట్టేదాకా కట్టొద్దంది. మొదట్లో అత్తయ్య "చిక్కం కట్టడానికి ఇది ఎద్దా?" అని సణిగేది. ఇప్పుడు పెరుగు పూసేది ఆవిడే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వాట్సాప్‌లో అడిగిన దానికి మర్నాడు గానీ జవాబు రాదు, టెన్షన్‌లో ఉన్నప్పుడు ఆ ఆలస్యం భరించలేం. ఇచ్చిన సూచనల కాగితం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. అత్తయ్య కోసం నేనే తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. పండు మళ్లీ గుర్రుమంటున్నాడు, అలా గుర్రుమంటే దూరం జరగండి, తిట్టకండి అన్నది మొదటి లైను. తోడికోడలు ఉగాదికి వచ్చింది గానీ రాత్రికి ఉండలేదు. అది ఆవిడ ఇష్టం, మేడమ్ కూడా బలవంతపెట్టొద్దనే చెప్పింది.

నెలలో కుక్క ప్రవర్తన మార్చేస్తామనే గ్యారంటీ కావాలంటే ఈవిడకి ఫోన్ చెయ్యకండి, ఇవ్వదు. ఆదివారం స్లాట్‌కి రెండు వారాల ముందు చెప్పుకోవాలి, మామూలు రోజుల్లో తొందరగానే దొరుకుతుంది. ఐదుకి నాలుగు స్టార్లు.