అమ్మానాన్నలతో మెండొసీనో కౌంటీ: రెండు రాత్రులు, మూడు స్వెటర్లు

మా నాన్నది కళింగపట్నం. అమెరికా వచ్చినవాళ్లకి అందరూ వేగస్, నయాగరా చూపిస్తారు గానీ, సముద్రం పక్కన పుట్టిన మనిషికి సముద్రమే చూపిద్దామని 2025 జులైలో అమ్మనీ నాన్ననీ కాలిఫోర్నియా ఉత్తర తీరంలోని మెండొసీనో కౌంటీకి తీసుకెళ్లాం. ఫ్రీమాంట్ నుంచి నాలుగున్నర గంటలని ఫోన్ చెప్పింది. ఆరున్నర పట్టింది.

మిగతా రెండు గంటలూ 128 రోడ్డు మింగేసింది. క్లోవర్‌డేల్ దాటాక ఒకటే మలుపులు. బయల్దేరే ముందు పులిహోర పెట్టడం నా తప్పే, అమ్మకి రెండుసార్లు వాంతయింది. పెద్దవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి, తిండి దిగాకే పెట్టండి. కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దారిలో బూన్‌విల్‌లో ఆగాం. 1890ల ప్రాంతంలో ఈ లోయ జనం బయటివాళ్లకి అర్థం కాకుండా బూంట్‌లింగ్ అని సొంత భాష ఒకటి కట్టుకున్నారు. కప్పు కాఫీ అంటే ‘హార్న్ ఆఫ్ జీస్’. మాలాంటి పట్నం వాళ్లు ‘బ్రైట్ లైటర్లు’. ఇప్పుడు అది వచ్చినవాళ్లు చాలా తక్కువ. "సంతలో పశువుల బేరగాళ్లు తువ్వాలు కింద వేళ్లతో మాట్లాడుకోరూ, అలాటిదే" అన్నారు నాన్న. ఒకప్పటి ఆపిల్ తోటల చోట ఇప్పుడు ఎక్కువగా వైన్ ద్రాక్షే కనిపిస్తోంది.

రెడ్‌వుడ్ చెట్ల చీకట్లోంచి బయటపడి ఒకటో నంబరు రోడ్డెక్కామో లేదో పొగమంచు కమ్మేసింది. 14 డిగ్రీలు. "ఏటమ్మా, ఎండాకాలం అన్నావు?" అని నాన్న. ఇక్కడ వేసవంటే ఇదే. లోపలి ప్రాంతం ఎండకి మాడుతుంటే తీరం మంచులో వణుకుతుంది.

బస విషయం. మెండొసీనో ఊరు బొమ్మలా ఉంటుంది, గది అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అందుకని పది మైళ్లు ఉత్తరంగా ఫోర్ట్ బ్రాగ్‌లో ఒక మోటెల్ తీసుకున్నాం. కార్పెట్ చెమ్మ వాసన, హీటర్ పనిచెయ్యలేదు. మూడోసారి అడిగాక, రాత్రి పదింటికి చిన్న కరెంటు హీటర్ తెచ్చిచ్చారు. ఇంకోసారి వెళితే మాత్రం ఫోర్ట్ బ్రాగ్‌లోనే, కాకపోతే వంటగది ఉన్న గది తీసుకుంటాను. మేం హోటళ్లు వెతుక్కుంటూ బయల్దేరేసరికి ఎనిమిది దాటింది, చాలావరకు మూసేశారు. శాకాహారమంటే బంగాళదుంపలే. అమ్మ తెచ్చిన కుక్కరూ కందిపొడీ ఆదుకున్నాయి.

మెండొసీనోలో కొండ అంచు చుట్టూ తిరగడానికి డబ్బులు అక్కర్లేదు, గంటన్నర చాలు. ఊళ్లో ఎటు చూసినా పాత కొయ్య నీళ్ల ట్యాంకులు. అవి అందం కోసం కట్టినవి కావు. ఈ ఊరికి ఇప్పటికీ ఊరుమ్మడి నీటి సరఫరా లేదు, ఎవరి బావి వాళ్లదే. 2021 కరువులో బయటి నుంచి ట్యాంకర్లలో నీళ్లు తెచ్చుకున్నారు. హైదరాబాదులో ట్యాంకర్ కోసం కాపలా కాసిన మా ఆయనకి ఊరంతటిలో నచ్చిన కథ ఇదే.

మూడు రోజుల్లో నాకు బాగా నచ్చింది మాత్రం పాయింట్ కాబ్రియో లైట్‌హౌస్. పార్కింగ్ నుంచి అర మైలు నడక, తిరిగొచ్చేటప్పుడు ఎత్తు. 1909లో వెలిగించిన దీపం, ఇంగ్లండులో చేసిన అద్దం. లైట్‌హౌస్ అనగానే నాన్న మా ఊరిదాన్ని తలుచుకుని కాసేపు ఆగారు. అసలు కథ పక్కనున్న మ్యూజియంలో ఉంది. 1844లో బాల్టిమోర్‌లో కట్టిన ఫ్రాలిక్ అనే ఓడ పని బొంబాయి నుంచి చైనాకి నల్లమందు మొయ్యడం. ఆవిరి ఓడలొచ్చి ఆ బేరం దెబ్బతిన్నాక, చైనా పట్టూ పింగాణీ ఎక్కించుకుని బంగారం వేటలో ఊగిపోతున్న శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరింది. 1850 జులై 25 రాత్రి ఇక్కడికి దగ్గర్లోనే రాళ్లకి కొట్టుకుంది. మరుసటేడు సరుకు కోసం వచ్చినవాళ్లకి అది చిక్కలేదు, అప్పటికే ఇక్కడి ఆదివాసులైన పోమో జనం చేతికి చేరింది. వచ్చినవాళ్ల కళ్లు రెడ్‌వుడ్ అడవి మీద పడ్డాయి. 1852కల్లా సామిల్లు లేచింది, శాన్‌ఫ్రాన్సిస్కో ఇళ్లకి కలప కదిలింది. 1857లో ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరంగా వెలిసింది, తమ నేల మీదే రిజర్వేషన్‌లో, అంటే ప్రభుత్వం హద్దులు గీసిన ప్రాంతంలో, పెట్టిన ఆదివాసులపై కాపలాకి. తర్వాత అదీ మిల్లు ఊరే అయింది. ఆ మిల్లు 2002లో మూతపడింది.

గ్లాస్ బీచ్ మీద ఆశలు పెట్టుకోవద్దు. 1967 దాకా ఊరి చెత్త సముద్రంలో పోస్తే, సీసా పెంకుల్ని అలలు గులకరాళ్లలా నున్నగా చేశాయి. ఫోటోల్లో ఉన్నంత గాజు లేదిప్పుడు, జనం ఏరుకుపోయారు. "చెత్తకుప్ప చూడ్డానికింత దూరం తెచ్చారా అల్లుడుగారూ" అన్నారు నాన్న. దానికంటే మెకెరికర్ పార్కులో కొయ్య పలకల దారి నయం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నడవొచ్చు, చివర రాళ్ల మీద సీల్స్ పడుకుని ఉంటాయి.

నోయో హార్బర్‌లో పడవలు చాలావరకు కట్టేసి ఉన్నాయి. 2023 నుంచి వరసగా మూడేళ్లు కమర్షియల్ సాల్మన్ చేపల వేట బంద్. సరదాగా మునిగి అబలోని అనే పెద్ద సముద్రపు నత్తల్ని పట్టడం 2018 నుంచే ఆపేశారు. వాటి తిండి అయిన కెల్ప్, సముద్రంలో అడవిలా పెరిగే నాచు, ఇక్కడ తొంభై శాతం పైగా పోయింది. సముద్రపు నక్షత్రాలకి జబ్బు చేసి చచ్చాక, వాటికి ఆహారమైన ఊదారంగు అర్చిన్లు అనే ముళ్ల జీవులు పెరిగి కెల్ప్‌ని మేసేశాయి. "మనకి వేట నిషేధం 61 రోజులు. వీళ్లకి మూడేళ్లా? తిండెలాగ?" అని నాన్న చాలాసేపు ఆ పడవల్నే చూశారు.

ఆయన నీళ్లలో కాలు పెడతానన్నారు. ఇక్కడి అలలు చెప్పాపెట్టకుండా పైకొచ్చి మనుషుల్ని లాక్కుపోతాయి, సముద్రానికి వీపు పెట్టకూడదంటారు. మా ఆయన చెయ్యి పట్టుకుంటే వంగి చారెడు నీళ్లు నెత్తిన చల్లుకుని, "గంగమ్మ తల్లి ఇక్కడ మంచుగడ్డయిపోయింది" అని నవ్వారు.

తిరుగు ప్రయాణం 20వ నంబరు రోడ్డు మీదుగా పెట్టుకున్నాం. మలుపులు ఇక్కడా తక్కువేం కాదు గానీ, ఈసారి అమ్మ ముందు సీట్లో, ఖాళీ కడుపుతో. విల్లిట్స్‌లో స్వెటర్లు తీసేశాం. యుకాయాలో 36 డిగ్రీలు. ఊరి పక్కనే సిటీ ఆఫ్ టెన్ థౌజండ్ బుద్ధాస్ అనే చైనా బౌద్ధ క్షేత్రం ఉంది, ఒకప్పటి ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆవరణలో. గుడి చూసొచ్చి కారు దగ్గర అమ్మ పెరుగన్నం డబ్బా విప్పింది. నెమలి ఒకటి వచ్చి డబ్బా వైపే చూస్తూ నిలబడింది.